ఇంగ్లీషు హోంవర్కు: ఎవరి నడుగవలెను, ఏమని అడుగవలెను?

సాయంకాలము బడి విడిచిన పిమ్మట మన పిల్లలు సంచులలో మోసికొని పోవు పనులలో లెక్కలు, విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము తెలుగులోనే ఉండును. తండ్రి గాని అవ్వ గాని ప్రక్కన కూర్చుండి "ఏమిరా అది, చదువు, విందము" అని అడుగుటకు వీలున్నది. ఇంగ్లీషు పుస్తకము తెఱచునప్పటికి ఇంటిల్లిపాదియు మౌనము వహింతురు. "మాకు రాదు నాయనా, సారునే అడుగు" అందురు. సారు నడుగుటకు పిల్లవానికి భయము. ఈ రెంటి నడుమ, అంగడిలో దొరకు గైడు పుస్తకము ఒకటి నిలిచి ఉన్నది. దానిని చూచి వ్రాసి, మూసి, పిల్లలు ఆటకు పోవుదురు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలోని పిల్లలకు లేని చిక్కొకటి మన కున్నది. అక్కడ ఇంగ్లీషు పాఠములను తెలుగులో విడమరచి చెప్పు పుస్తకములు సులభముగా దొరకును. కాని అవి అక్కడి వాచకములకు వ్రాసినవి. హోసూరు, డెంకణికోట ప్రాంతముల పిల్లలు చదువునది తమిళనాటి వాచకము; రాయగడలోని మనవారు చదువునది ఒడిశా వాచకము; బళ్లారిలో కన్నడనాటి వాచకము. ఇక్కడి వాచకమునకు ఇక్కడ దొరకు గైడ్లలో అర్థములు ఇక్కడి భాషలో ఉండును. హోసూరు తెలుగు పిల్లవాడు వీథిలో తమిళము మాటాడును, సంతలో కన్నడము మాటాడును. అయినను, 'పరోక్ష కథనము' వంటి వ్యాకరణ విషయమును తమిళ వివరణము చదివి గ్రహింపవలెనన్నచో వానికి రెండు బరువు లగును.

ఇది చిన్న సంగతి కాదు. పదవ తరగతి దాటిన పిమ్మట తెలుగులో చదువు సాగించు అవకాశము మన ప్రాంతములలో చాల కొద్ది. రసాయనశాస్త్రమైనను, వాణిజ్యమైనను ఇంగ్లీషులోనో రాష్ట్రభాషలోనో చదువవలసి వచ్చును. గైడు చూచి వ్రాసిన నాలుగేండ్ల ఇంగ్లీషు ఆ దినమున అక్కఱకు రాదు. తెలివిగల పిల్లలు అచట మొదటి ఆఱు నెలలలోనే వెనుకబడి, తమకు బుద్ధి చాలదని తామే అనుకొందురు. వారికి చాలనిది బుద్ధి కాదు.

గైడు పుస్తకమును నేను పూర్తిగా దూషింపను. కఠినపదముల పట్టిక అందుండును. పరీక్షకు ముందొకసారి తిరుగవేయుటకు పనికి వచ్చును. అయితే దానిని చూచి వ్రాసిన జవాబును దిద్దిన ఉపాధ్యాయునకు, ఆ పిల్లవానికి ఏమి రాదో తెలియదు. హోంవర్కు ఇచ్చుట అది తెలిసికొనుట కొఱకే కదా! తప్పులతో నిండిన సొంత వాక్యములు ఐదు తెచ్చిన నోటుపుస్తకము, ఎఱ్ఱసిరా సోకని నలువది వాక్యముల పుస్తకము కంటె ఉపాధ్యాయునకు ఎక్కువ చెప్పును.

సాయ మడుగుటలో మొదటి పని ప్రశ్నను చిన్నది చేయుట. "సార్, ఈ పాఠము నాకు రాలేదు" అన్నచో ఎంతటి ఉపాధ్యాయుడైనను ఏమి చేయగలడు? పాఠమంతయు మఱల చెప్పవలెను, లేదా "ఇంటికి పోయి బాగుగ చదువు" అని పంపివేయవలెను. తఱుచుగా జరుగునది రెండవదే. అదే విద్యార్థి, "ఇక్కడ 'షి హాజ్ గాన్' అని ఉన్నది; 'షి వెంట్' అని ఎందుకు వ్రాయరాదు?" అని అడిగినచో రెండు నిమిషములలో జవాబు వచ్చును. మొదటి దానిలో ఆమె వెళ్లినది, ఇంకను తిరిగి రాలేదు, ఇప్పుడిక్కడ లేదు అన్న భావ మున్నది. రెండవది, నిన్ననో పోయిన వారమో వెళ్లినది అని జరిగిపోయిన సంగతిని మాత్రము చెప్పును. తెలుగులో రెంటికిని 'వెళ్లినది' అనియే అందుము. చిక్కెక్కడ ఉన్నదో ప్రశ్నలోనే తేలిపోయినది.

అట్టి ప్రశ్న ఊరక పుట్టదు. అడుగుటకు ముందు పిల్లవాడు తానొకసారి పెన్సిలుతో ప్రయత్నించవలెను. ఎక్కడ ఆగిపోయెనో ఆ మాట క్రింద గీత గీయవలెను. ఆ వాక్యమునకు తా ననుకొన్న అర్థమును ప్రక్కన తెలుగులో వ్రాయవలెను. ఈ తెలుగు వాక్యమే ముఖ్యము. పిల్లవాడు ఏమి అపార్థము చేసికొనెనో దానిని చూచి ఉపాధ్యాయుడు పట్టుకొనగలడు. తల్లిదండ్రులును దానిని చదువగలరు. అది పొసగినదో లేదో చెప్పగలరు.

వ్యాకరణపు హోంవర్కులో మన పిల్లలు చేయు తప్పులు గాలిలో నుండి పుట్టినవి కావు. చాలవఱకు అవి తెలుగు వాక్యపు అచ్చులో ఇంగ్లీషును పోసినందున కలిగినవి. కావున తెలుగు బాగుగ తెలిసిన వారు, ఇంగ్లీషు రాకున్నను, ఆ తప్పు ఎచట పుట్టునో కొంత చూపగలరు.

'మా మామ డ్రైవరు' అందుము. ఇందులో క్రియ లేదు. తెలుగున కది లోపము కాదు. ఇంగ్లీషు వాక్యము మాత్రము క్రియ లేనిదే నిలువదు. 'మై అంకుల్ ఈజ్ ఎ డ్రైవర్' అని 'ఈజ్' రావలెను. 'నేను విద్యార్థిని' అన్నపుడు మనకును ఒక చిన్న గుర్తున్నది. చివరనున్న 'ని' అది. 'నీవు విద్యార్థివి' అన్నపుడు అది 'వి' అగును. ఇంగ్లీషులో 'యామ్', 'ఆర్' అను మాటలు చేయు పనిలో కొంత ఇచట ఆ చివరి అక్షరము చేయుచున్నది. ఇది చెప్పక, "ఈజ్, యామ్, ఆర్ మఱువకు" అని మాత్రము గద్దించినచో పిల్లలు జడిసి అవసరము లేని చోటను పెట్టుదురు. 'ఐ యామ్ గో టు స్కూల్' అని వ్రాయుదురు. 'గో' అను క్రియ ఉండగా 'యామ్' అక్కఱ లేదు. 'యామ్' ఉంచదలచినచో 'గోయింగ్' అని మార్చవలెను. ఇంటి పెద్దలు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఈ వాక్యములో క్రియ ఏది, చూపు." దీని నడుగుటకు ఇంగ్లీషు రానక్కఱ లేదు. పిల్లవాడు చూపలేకపోయినచో గాని, రెండుచోట్ల వేలు పెట్టినచో గాని, అచట ఏదో ఉన్నదని తెలియును.

'ఎ', 'ద' అను చిన్న మాటలు మన పిల్లలను పెద్దగా బాధించును. ఇవి తెలుగులో లేవని చెప్పుదురు గాని అది పూర్తిగా నిజము కాదు. మన అవ్వలు కథ మొదలుపెట్టునపుడు మొదట 'ఒక రాజు' అందురు. మఱుసటి మాటలో 'ఆ రాజు' అందురు. వినువానికి ఇంకను తెలియని వాడు 'ఒక రాజు', తెలిసిన పిమ్మట 'ఆ రాజు'. ఇంగ్లీషులో 'ఎ కింగ్', 'ద కింగ్' అనునవి చాలవఱకు ఇంతే. సూర్యుడు ఒక్కడే, అందఱు నెఱిగినవాడే. కావున మొదటిసారియే 'ద సన్' అందురు.

'ఎ' వ్రాయవలెనా, 'ఆన్' వ్రాయవలెనా అన్న చోట తెలుగు లిపి ఇంగ్లీషు లిపి కంటె మంచి గురువు. 'ఎ, ఇ, ఐ, ఒ, యు అను అక్షరములకు ముందు ఆన్' అని వల్లించిన పిల్లలు 'యూనివర్సిటీ'కి ముందు 'ఆన్' పెట్టి మార్కు పోగొట్టుకొందురు. ఆ మాటను తెలుగులో వ్రాసి చూడుడు. మొదట నున్నది 'యూ', అనగా హల్లు. కావున 'ఎ యూనివర్సిటీ'. గంట అను అర్థము గల మాటను ఇంగ్లీషులో హెచ్ అక్షరముతో మొదలుపెట్టి వ్రాయుదురు. పలుకుట మాత్రము 'అవర్', అనగా అచ్చు. కావున 'ఆన్ అవర్'. శాసనసభ్యుని 'ఎమ్మెల్యే' అందుము. 'ఎ' అచ్చు, కావున 'ఆన్ ఎమ్మెల్యే'. అచ్చునకు ముందు 'ఆన్', హల్లునకు ముందు 'ఎ'. ఒకటవ తరగతిలో నేర్చిన అచ్చులు, హల్లులు తొమ్మిదవ తరగతి ఇంగ్లీషునకు ఇట్లు పనికివచ్చును.

'కు' అను ప్రత్యయమును గూర్చి కొంచెము చెప్పవలెను. నాకు తెలియును, నాకు ఆకలి, నాకు జ్వరము, నాకు ఇద్దఱు చెల్లెండ్రు: మన వాక్యములలో అనుభవించువాడు 'కు'తో వచ్చును. ఇంగ్లీషులో ఆ 'కు' రాలిపోయి, అతడే కర్త యగును: ఐ నో, ఐ యామ్ హంగ్రీ, ఐ హావ్ ఫీవర్, ఐ హావ్ టూ సిస్టర్స్. తెలుగులో 'నాకు' అని వచ్చినచోట నెల్ల ఒక నిమిషము ఆగుట అలవాటైనచో ఎన్నియో తప్పులు తగ్గును.

పెద్ద వాక్యములు చదువునపుడు మఱియొక సంగతి తోడ్పడును. 'నిన్న సంతలో మేము కొన్న ఆవు' అన్నపుడు మనకు ఆవు చివర వచ్చును. ఇంగ్లీషున 'ద కౌ విచ్ వి బాట్ ఎట్ ద మార్కెట్ యెస్టర్డే' అందురు. ఆవు మొదట, కొనుట తరువాత, సంత ఆ వెనుక, నిన్న అన్నిటికంటె చివర. అద్దములో చూచినట్లు వరుస తలక్రిందు లైనది. అర్థము కాని పొడవైన ఇంగ్లీషు వాక్యమును చివరి నుండి మొదటికి చదువుచు వచ్చినచో పలుమాఱు తెలుగు వాక్యము తనంత తానే ఏర్పడును. ఇది అన్నిచోట్లను పనిచేయు మంత్రము కాదు. కాని 'విచ్', 'హూ' అను మాటలున్న చోట తప్పక పరీక్షింపదగినది.

ప్రత్యక్ష కథనమును పరోక్ష కథనముగా మార్చు అభ్యాసము ఇచ్చినపుడు పిల్లలు మార్పుల పట్టికను కంఠస్థము చేయుదురు. పట్టిక అవసరమే, కాని దాని కారణము తెలిసినచో మఱపు రాదు. 'నేను రేపు వచ్చెదను' అని రాముడు నిన్న చెప్పెననుకొందము. దానిని మనము 'రాముడు తాను రేపు వచ్చెదనని చెప్పెను' అందుము. 'నేను' అన్నది 'తాను' అయినది గాని, 'రేపు', 'వచ్చెదను' అనునవి రాముని నోట వచ్చినట్లే ఉన్నవి. మన 'అని' అను చిన్న మాట ఎదుటివాని పలుకును దాదాపు చెక్కుచెదరకుండ మోసికొని వచ్చును. ఇంగ్లీషు అట్లు మోయదు. చెప్పువాడు ఇప్పుడు ఎక్కడ నిలిచి ఉన్నాడో, అచట నుండి చూచినట్లు కాలమును, దినమును మార్చును. రాముని 'విల్' ఇప్పుడు 'వుడ్' అగును. రాముని 'టుమారో' 'ద నెక్స్ట్ డే' అగును. చెప్పుచున్న దెవరు, ఎప్పుడు అని ప్రశ్నించుకొనిన పిల్లవాడు పట్టికలోని సగమును తానే కనిపెట్టగలడు.

ఇంగ్లీషు ఉపాధ్యాయునకు తెలుగు రాకపోవుట మన బడులలో కొత్త కాదు. తమిళము మాటాడు ఉపాధ్యాయుడు వచ్చినపుడు, ఈయన మన చిక్కును ఎఱుగడని పిల్లలు దూరముగా నుందురు. కాని పైన చెప్పిన చిక్కులలో చాల భాగము వారికిని ఉన్నవే. మన 'నాకు తెలియును' అనునది తమిళమున 'ఎనక్కు తెరియుం', కన్నడమున 'ననగె గొత్తు'. మూడింటను ఆ ప్రత్యయ మున్నది. ఈ మూడు భాషలు ఒక్క కుటుంబమునకు చెందినవని మద్రాసులో కలెక్టరుగా నుండిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో నిరూపించెను. ఆ నిరూపణము అచ్చయినది క్యాంప్‌బెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణపు పీఠికకు అనుబంధముగానే. కనుక తమిళ బాలునకు పనికివచ్చు వివరణము మనకును పనికివచ్చును. ఉపాధ్యాయునితో మాటలాడుటకు నోరు రానిచో ప్రశ్నను చీటి మీద వ్రాసి చూపవచ్చును. 'సర్, వై ఈజ్ హాజ్ యూజ్‌డ్ హియర్?', 'వాట్ డజ్ దిస్ వర్డ్ మీన్ ఇన్ దిస్ లైన్?', 'ఈజ్ మై సెంటెన్స్ కరెక్ట్?' అను మూడు వాక్యములు నేర్చికొని, అందలి మాటలు మాత్రము మార్చుకొనుచు పోయినచో ఒక సంవత్సరము గడుచును. మాటాడుటకు సిగ్గుపడు ఆడపిల్లలకు చీటి పద్ధతి మిక్కిలి అనుకూలము.

తెలిసిన భాష ఆధారముగా తెలియని భాషను పట్టుకొనుట మనవారికి కొత్త విద్య కాదు. గిడుగు రామమూర్తిగారు 1863లో జన్మించిరి. ఆయన చిరకాలము ఉపాధ్యాయుడుగా నున్న పర్లాకిమిడి 1936 నుండి ఒడిశాలో ఉన్నది. నేటికిని అచట మనవా రున్నారు. చుట్టుపట్ల కొండలలోని శబరుల భాషను నేర్వవలెనని ఆయనకు కోరిక కలిగినపుడు ఆ భాషకు నిఘంటువు లేదు, బడి లేదు. తెలుగు తెలిసిన ఒక శబరుని తన ఇంట నుంచుకొని, మాట మాట అడిగి, విని, వ్రాసికొనిరి. ఆ భాష వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చయినవి. ఆయన అడిగిన విధమును గమనింపవలెను. 'మీ భాష నాకు నేర్పు' అని కాక, ఈ పనిని మీరే మందురు, ఆ వస్తువును ఏమందురు అని ఒక్కొక్క మాటగా సాగినది ఆ చదువు. వ్యావహారిక భాష కొఱకు అంతగా పోరాడిన ఆయన ఈ వ్యాసము గ్రాంథికమున నుండుట చూచినచో కోపగించుకొనెడివారేమో! మన సంచిక పాత మర్యాద అట్టిది.

ఇక సాహిత్యపు హోంవర్కు. 'ఈ గీతముయొక్క సారాంశమును వ్రాయుము' అన్నంతనే పిల్లలు గైడు కొఱకు పరుగెత్తుదురు. పద్యమును చదువు పద్ధతి వారికి తెలిసియే ఉన్నది: పదవిభాగము, అన్వయము, ప్రతిపదార్థము, తాత్పర్యము. తెలుగు పంతులు ఏండ్ల తరబడి నేర్పిన ఈ మెట్లను ఇంగ్లీషు గంట కొట్టగానే మఱచిపోవుట వింత.

విలియం వర్డ్స్‌వర్త్ డాఫొడిల్ పూలను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ గీతమును తీసికొందము. అది 1807లో అచ్చయినది. అందొక పాదములో కర్మ మొదట వచ్చును, 'చూచితిని' అను క్రియ తరువాత, 'నేను' అను కర్త దాని వెనుక. ఇంగ్లీషు వచనములో ఇట్టి వరుస రాదు గనుక పిల్లలు తికమకపడుదురు. మన పద్యములలో ఇది నిత్యము చూచునదే. ఛందస్సు కొఱకు మాటలు చెదరును, అన్వయము చేసి వాటిని కూడదీయుదుము. అదే పని ఇచటను చేయవలెను. ఎవరు, ఏమి చేసెను, దేనిని అని మూడు ప్రశ్నలు వేసి, మాటలను వచనపు వరుసలో వ్రాసికొన్నచో సగము కష్టము తీఱును.

ప్రతిపదార్థమునకు వచ్చినపుడు నిఘంటువులో డాఫొడిల్ అనగా 'ఒక విధమగు పసుపుపచ్చని పూవు' అని ఉండును. అంతటితో పిల్లవానికి ఏమియు కనబడదు. హోసూరు చుట్టు చామంతి తోటలున్నవి. గాలి వీచినపుడు తోట తోటయంతయు ఒక్కమాఱుగా ఒఱగి లేచుట చూచిన పిల్లకు ఆ గీతములో పూలు నాట్యమాడుట యననేమో ఎవరును చెప్పనక్కఱ లేదు. భేద మొకటి ఉన్నది. మన చామంతులు గంపలకెత్తి అంగడికి పంపు పంట. అవి ఎవరును నాటకయే సరస్సు గట్టున పూచినవి. ఈ భేదమును తన జవాబులో ఒక్క వాక్యముగ వ్రాసిన పిల్ల పాఠము చదివినదని ఉపాధ్యాయునకు వెంటనే తెలియును. అది ఏ గైడులోను ఉండదు.

అలంకారములును అంతే. కవి తన్ను మేఘముతో పోల్చుకొనెను. పూలను నక్షత్రములతో పోల్చెను. ఉపమేయ మేది, ఉపమాన మేది, సమానధర్మ మేది అని తెలుగు తరగతిలో అడిగినట్లే అడుగవలెను. మన 'వలె' చేయు పనిని ఇంగ్లీషున 'యాజ్', 'లైక్' అను మాటలు చేయును. అవి ఉపమావాచకములు. ఇంగ్లీషున 'సిమిలీ' అని చెప్పు అలంకారము మన ఉపమయే అని తెలిసిన పిమ్మట భయ మెందుకు?

ఈ గీతమునకు గైడులు తఱుచుగా 'ప్రకృతి సౌందర్యమును వర్ణించుచున్నది' అని వ్రాసి ముగించును. అది సగమే. చివరి భాగమున కవి ఇంటిలో ఒంటరిగ పడుకొని ఉండగా ఆ పూలు మనస్సున మెదలి ఆనందము కలిగించును. చూచిన నాడు దాని విలువ తనకు తెలియలేదనియు ఆయన చెప్పెను. ఇది పూలను గూర్చిన గీతము కంటె జ్ఞాపకమును గూర్చిన గీతమని నా తలంపు. మఱియొక సంగతి. 1802 ఏప్రిల్ 15వ తేదీన అల్స్‌వాటర్ సరస్సు గట్టున ఆయన ఆ పూలను చూచినపుడు చెల్లెలు డొరొతీ వెంట ఉన్నది. ఆమె ఆనాటి దృశ్యమును తన దినచర్య పుస్తకమున వ్రాసి ఉంచినది. గీతములో మాత్రము కవి తా నొంటరిగ తిరిగినట్లు చెప్పును. చెల్లెలిని ఎందుకు విడిచిపెట్టెను? ఈ ప్రశ్నను తరగతిలో అడిగి చూడుడు. సాహిత్యమున సాయ మడుగుట యనగా ఇట్టి ప్రశ్నను తీసికొని పోవుట. దీనికి ఒక్కటే జవాబు లేదు. కాని దానిని గూర్చి మాటాడిన గంట పిమ్మట సారాంశము వ్రాయుట కష్టము కాదు. ముందుగా తెలుగులో ఐదు చిన్న వాక్యములు వ్రాసి, ఆ ఐదింటిని తనకు వచ్చిన ఇంగ్లీషులో పెట్టినచో చాలును. పెద్ద మాటల నెరవు తేనక్కఱ లేదు.

నిఘంటువులను గూర్చి కొంచెము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. తెలుగు మాటకు ఇంగ్లీషు వెదకుటకు ఇప్పటికిని మంచిదే, నేటి మాటలు మాత్రము అందుండవు. ఇంగ్లీషు మాటకు తెలుగు కావలసినపుడు శంకరనారాయణ నిఘంటువును మనవారు తరతరములుగా వాడుచున్నారు. ఏ నిఘంటువైనను ఒక మాటకు పది అర్థములిచ్చును. మొదటిది తీసికొనుట పిల్లల అలవాటు. 'కైండ్' అనగా దయగల అనియు, విధము అనియు ఉన్నది. వాక్యములో ఆ మాట విశేషణముగా ఉన్నచో మొదటిది, నామవాచకముగా ఉన్నచో రెండవది.

ఇప్పుడు సెల్‌ఫోనే నిఘంటువు, అనువాదకుడు, వ్యాసకర్త అన్నియు అయినది. అందు నిజముగా మేలు చేయునది ఉచ్చారణ. 'కె' అక్షరముతో మొదలైన మాటను 'నైఫ్' అని ఎట్లు పలుకవలెనో అది పలికి వినిపించును. ఇంగ్లీషు మాటాడువారు లేని ఊరిలో ఇది గొప్ప వరము. అనువాదమును మాత్రము జాగ్రత్తతో వాడవలెను. 'నిన్న వచ్చినది, పుస్తక మిచ్చి వెళ్లినది' అన్నపుడు వచ్చినది అక్క అని మనకు తెలియును. తెలుగు వాక్యములో కర్త లేదు. 'వచ్చినది' అను క్రియ అక్కకును ఆవునకును ఒక్కటే. ఇంగ్లీషు వాక్యమునకు కర్త కావలెను గనుక యంత్రము ఊహించును. 'షి' బదులు 'ఇట్' అనియో 'హి' అనియో వ్రాయవచ్చును. కర్తను చేర్చి తెలుగు వాక్యమును పూర్తిచేసి ఇచ్చినచో ఆ తప్పు తగ్గును. అడిగినంతనే వ్యాసము వ్రాసి ఇచ్చు యంత్రములును వచ్చినవి. వానిని వ్యాస మడుగుట గైడు చూచి వ్రాయుటకు తమ్ముడు. 'నా వాక్యములో తప్పెక్కడ, ఎందుకు' అని అడిగినచో కొంత మేలు. అయినను అవి తప్పును సైతము తడబడక చెప్పును గనుక ఆ జవాబును మఱునాడు ఉపాధ్యాయునకు చూపవలెను.

ట్యూషను పెట్టించు తల్లిదండ్రులకు ఒక మాట. 1897లో తొలిసారి అచ్చయిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో గిరీశము వెంకటేశమునకు చదువు చెప్పు నెపమున వాని ఊరు చేరును. ఇద్దఱును ఇంగ్లీషులో మాటాడుట వినవలెనని తల్లి వెంకమ్మ ముచ్చటపడును. వారు నోటికి వచ్చినది పలుకుదురు, ఆమె మురిసిపోవును. ఆ దృశ్యమునకు నవ్వనివారు లేరు, కాని నేడును ట్యూషను మంచి చెడ్డలను పిల్లవాని నోట ఇంగ్లీషు ధారాళముగా వచ్చుటను బట్టియే కొలుచువారున్నారు. ఇంగ్లీషు రాని తల్లి చేయదగిన పరీక్ష వేఱొకటి ఉన్నది. పిల్లవాడు వ్రాసిన జవాబును వానిచేతనే తెలుగులో చెప్పించుకొనవలెను. తన వాక్యమైనచో చెప్పగలడు. చూచి వ్రాసినదైనచో రెండవ వాక్యముననే తడబడును.

ఇందుకు ప్రతిదినము కూర్చుండనక్కఱ లేదు. వారమున కొకసారి, ఆదివారము సాయంకాలము, దిద్దిన నోటుపుస్తకమును తెఱచి ఎఱ్ఱగీతలను ఒక్కొక్కటిగా చూపి, "ఇచట గీత ఎందుకు పడినది?" అని అడుగవలెను. కారణము తెలుగులో చెప్పగలిగిన గీత ప్రక్కన చిన్న టిక్కు పెట్టవలెను. చెప్పలేని గీతలున్న పుటల మూలలు మడిచి ఉంచవలెను. సోమవారము ఉదయమున పిల్లవాడు ఉపాధ్యాయుని యొద్దకు తీసికొని పోవలసినవి ఆ మడిచిన పుటలే.